హవాతో హిసాబ్

మా భాయిజాన్‌ది పాత ఓమ్ని వ్యాన్. విజయనగరంలో రెడీమేడ్ బట్టల మూటలు ఎక్కించుకుని రణస్థలం, శ్రీకాకుళం, నరసన్నపేట దుకాణాలకు వేసి వస్తారు. అదే ఆయన రోజీ. రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తేశాక నోట్‌బుక్ తీసి పెట్రోల్ హిసాబ్ రాసుకోవడం ఆయన ఆదత్. పోయిన ఎండాకాలం ఒక రాత్రి ఆ నోట్‌బుక్ నా ముందుకు తోశారు.

"లీటరుకు పదమూడు కూడా రావట్లేదు ఛోటే. పేపర్‌లో ఇన్ని రాస్తావు కదా, ఏదైనా తర్కీబ్ చెప్పు."

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. సైన్స్‌తో నా దోస్తీ పదో తరగతిలోనే తెగిపోయింది. అయినా నాకో కిస్సా తెలుసు, చెప్పేశాను.

1970ల మొదట్లో అమెరికాలో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే నాసా ఇంజనీరు సైకిల్ మీద పనికి వెళ్తుండేవారు. పక్క నుంచి పెద్ద లారీ పోయినప్పుడల్లా గాలి ఆయన్ని ముందు పక్కకు తోసేది, తర్వాత లారీ వైపు లాగేది. లారీ ఇంత గాలిని తోస్తోందంటే ఎంత ఇంధనం తగలేస్తోందో అనుకున్నారు. ఆయన బృందం ఒక పాత వ్యాన్‌కు చుట్టూ అల్యూమినియం రేకు కొట్టి అచ్చం డబ్బాలా చేసింది. తర్వాత ఆ డబ్బా అంచులు గుండ్రం చేసి నడిపితే గాలి అడ్డు 52 శాతం తగ్గింది.

భాయిజాన్ కళ్లు మెరిశాయి. "మనదీ డబ్బాయే కదా!"

వ్యాన్ పైన మూటల కోసం పెద్ద ఇనుప క్యారియర్ ఉంది. ఎన్నికలప్పుడు పార్టీలవాళ్లు స్తంభాలకు కట్టే గళ్ల ప్లాస్టిక్ అట్టలు నేనే తెచ్చిచ్చాను. ఒకటి వంచి క్యారియర్ ముందు ఏటవాలుగా నైలాన్ తాడుతో, ప్లాస్టిక్ టైలతో కట్టాం. భాభీ గుమ్మంలో నిలబడి, "ఇది ఊడిపోతే?" అని ఒక్క సవాల్ అడిగారు. మేమిద్దరం నవ్వాం.

మొదటి ట్రిప్పుకే పద్నాలుగు వచ్చిందని భాయిజాన్ ఖుషీ అయిపోయారు. ఆ రోజు మూటలు ఎన్ని, ఎదురుగాలి ఉందా లేదా, ట్యాంకు ఎంత నిండింది, ఇవేవీ మేం చూడలేదు. పత్రికలో అయితే ఒక్క మనిషి మాట మీద వార్త రాయను. ఇంట్లో మాత్రం ఒక్క ట్రిప్పునే సబూత్ అనుకున్నాను.

మూడో వారం శ్రీకాకుళం నుంచి తిరిగి వస్తున్నాం. నేనూ వ్యాన్‌లోనే ఉన్నాను. నాతవలస ఇంకా రాలేదు. పక్క నుంచి లారీ ఒకటి దూసుకుపోయింది. పైన ఫట్‌మని చప్పుడు. అద్దంలో చూస్తే అట్ట గాలిలో గిరగిరా తిరుగుతోంది. దాని వెనక మోటార్ సైకిల్, దాని మీద భార్యాభర్తలు, మధ్యలో చిన్న పాప. అట్ట అతని భుజం పక్క నుంచి పోయి రోడ్డు మీద పడింది. బండి అటూ ఇటూ ఊగి పక్కన ఆగింది.

మేం పరిగెత్తాం. అతను తిట్టలేదు. చేతులు వణుకుతున్నాయి. "ఏటి బావూ ఇది, పీక తెగిపోను గదా!" అన్నాడు. భాయిజాన్ అతని రెండు చేతులూ పట్టుకుని మాఫీ అడిగారు. ఏడుస్తున్న పాప కోసం మూట విప్పి ఒక గౌను తీశారు. ఆ తల్లి పుచ్చుకోలేదు. ఆమె చేసింది సరైన పనే.

ఇంటిదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ గలతీ భాయిజాన్‌ది కాదు, నాది. 52 శాతం అని చెప్పాను గానీ, నాసావాళ్లు రేకు ఎంత గట్టిగా బిగించారో నేను ఆలోచించలేదు. అదీగాక తిత్లీ తుఫాను వార్తలు రాసినవాణ్ణి. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో కళ్లారా చూశాను. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగు రెట్లు అవుతుంది. గాలి మన మీదికొచ్చినా, మనం గాలి మీదికెళ్లినా ఖాయిదా అదే. తుఫానుకు తెలిసిన ఆ లెక్క నా నైలాన్ తాడుకు తెలియదనుకున్నాను.

అదే ఖాయిదా తర్వాత మాకు దారి చూపించింది. 80లో పోయే బండి 60కి దిగితే గాలి అడ్డు దాదాపు 44 శాతం తగ్గుతుంది. దానికి అట్టలు, తాళ్లు ఏవీ అక్కర్లేదు. విజయనగరం నుంచి శ్రీకాకుళం సుమారు 70 కిలోమీటర్లు. తేడా పద్దెనిమిది నిమిషాలు. ఖాళీ క్యారియర్ కూడా గాలికి అడ్డమే కాబట్టి దాన్ని విప్పేశాం. మూటలు వెనక సీటు మడిచి లోపలే సర్దుతున్నారు. వారానికోసారి టైర్లలో గాలి చూపిస్తున్నారు. ప్రతిసారీ ట్యాంకు నిండా కొట్టించి మరీ రాస్తున్నారు. నాలుగు నెలల నోట్‌బుక్ ప్రకారం ఇప్పుడు పదిహేను చిల్లర వస్తోంది, అల్హమ్దులిల్లాహ్.

ఖానూన్ మాట కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చి, రిజిస్ట్రేషన్‌లో రాసిన రూపాన్ని మనం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. గాలికి అడ్డమని పక్క అద్దాలు పీకేసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు అద్దమే లేకపోతే మా వెనక ఏం జరిగిందో మాకు తెలిసేదే కాదు. మేం ఆగేవాళ్లమే కాదు.

భాయిజాన్ ఇప్పుడు ఫజర్ నమాజ్ కాగానే, చాయ్ కోసం కూర్చోకుండా బయల్దేరుతున్నారు. ఆ పద్దెనిమిది నిమిషాలు అక్కడ దొరికాయి. భాభీ ఫ్లాస్క్‌లో పోసిస్తారు. మిగిలిన అట్టలు మా కోళ్ల గూటికి కప్పు అయ్యాయి.

పెళ్లికో, ఉర్సుకో పోతూ మీరూ బండి మీద మంచాలు, దేగ్చీలు కడతారు. కట్టాక ఒక్కసారి చేత్తో గట్టిగా గుంజి చూడండి. వెనక వచ్చే బండిలో ఎవరి పాప ఉంటుందో మనకు తెలియదు.