భద్రాచలం రోడ్... ఇంకా నలభై కిలోమీటర్లు!

సినిమాల్లో భద్రాచలం వెళ్ళడం ఎంత హాయి! లాంచీ ఎక్కాలి, గోదావరి గాలికి జుట్టు ఎగరాలి, నాలుగు పాటలు పాడుకోవాలి, మధ్యలో ప్రేమలో పడాలి... అంతే, గుడి గోపురం కనిపించేసరికి శుభం కార్డు! 1973లో బాపుగారి ‘అందాల రాముడు’లో అక్కినేని అలాగే వెళ్ళారు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’లో ఆయన మనవడు సుమంత్ కూడా లాంచీయే ఎక్కాడు. తాతకీ మనవడికీ కాళ్ళు నొప్పి పుట్టే అవసరమే రాలేదు.

ఈ వ్యాసకర్త పట్టిన దారి వేరు. అది గోదారి దారి కాదు, అడవి దారి. వాహనం రెండు కాళ్ళు. అందులో ఎడమది రిపేర్లో ఉంది!

కొత్తగూడెంలో రైలు దిగండి. స్టేషన్ బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని రాసి ఉంటుంది. ఆహా, వచ్చేశాం అనుకుని కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుందని అడిగిన కొత్తవాళ్ళని నేను చూశాను. గుడి అక్కణ్ణించి ఇంకా 40 కిలోమీటర్లు! మారథాన్ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంటే రైలు బండి మనల్ని రాములవారికి ఓ మారథాన్ ఎడంగా దింపి వెళ్ళిపోతుందన్నమాట.

మారథాన్ని మించిన పరుగు ఏదైనా సరే దాన్ని అల్ట్రా మారథాన్ అంటారు. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు. పన్నెండు గంటల్లో ముగించాలి. గ్రీసులో 1983లో మొదలైన స్పార్టథ్లాన్ అయితే ఏకంగా 246! నాది అంత గొప్ప సాహసం కాదు లెండి. వచ్చే వానాకాలంలో పడమటి కనుమల్లో జరిగే ఓ 50 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను. మొదటి అల్ట్రా. దానికోసమే ఈ తంటా.

తెర మీద పరుగుల శిక్షణ ఎలా ఉంటుందో మీకు తెలుసు. 1991లో వచ్చిన ‘అశ్విని’ గుర్తుందా? అశ్వినీ నాచప్ప తన పాత్ర తనే వేసి మెప్పించింది. అలాంటి చిత్రాల్లో ఒక్క పాటలో సూర్యుడు నాలుగుసార్లు ఉదయిస్తాడు, కాలికి గాయమవుతుంది, మానుతుంది, చరణం ముగిసేసరికి చాంపియన్ సిద్ధం! అసలు శిక్షణని ఎవరైనా సినిమా తీస్తే ప్రేక్షకులు ఇంటర్వెల్ దాకా కూడా ఆగరు. ఎందుకంటే అందులో సగం రీళ్ళు హీరోగారు కుర్చీలో కూచుని, ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాని పాదం కింద దొర్లిస్తూ ఉంటారు.

నా జబ్బు పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. పేరు విలన్ పేరులా ఉన్నా సంగతి సులువే. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా పాదం అడుగున ఒక దళసరి పట్టీ ఉంటుంది. అది వింటినారిలా పాదం వంపుని నిలబెడుతుంది. తట్టుకోగలిగిన దానికన్నా బరువు పదేపదే పడితే, మడమ దగ్గర అది అరిగి మొరాయిస్తుంది. రాత్రంతా బిగుసుకుపోయిన పట్టీ పొద్దున్నే మంచం దిగగానే సాగాలి... ఆ మొదటి అడుగు ఉంది చూశారూ, పల్లేరుకాయ మీద వేసినట్టే! పది అడుగులు వేశాక తగ్గుతుంది. మళ్ళీ మర్నాడు అదే సీను, అదే డైలాగు.

ఖమ్మంలో నాకు వైద్యం చేస్తున్న ఫిజియోథెరపిస్టు ఓ లెక్క చెప్పాడు. నొప్పికి పదికి మార్కులు వేసుకోవాలట. మూడు లోపుంటే పరుగెత్తొచ్చు. నాలుగూ ఐదూ అయితే నడవాలి. కుంటు మొదలైతే మార్కులతో పన్లేదు, ఆగిపోవడమే. ఆ రోజు ఎంత బాగా పరుగెత్తామన్నది కాదు, మర్నాడు పొద్దున మొదటి అడుగు ఎలా ఉందన్నదే అసలు ఫలితం. ‘శుక్రవారం మార్నింగ్ షో చూసి హిట్టనకండి, సోమవారం కలెక్షన్ చూడండి’ అన్నాడాయన. సినిమా పిచ్చి ఉన్న వైద్యుడు దొరకడం నా అదృష్టం!

నొప్పి మాత్ర వేసుకుని లాగించెయ్యొచ్చుగా అంటారేమో. ఆ పని మాత్రం కూడదు. గంటల తరబడి చెమటోడ్చే పరుగులో ఇబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు మూత్రపిండాల మీద దెబ్బ కొడతాయి. పైగా అవి నొప్పి నోరు మూయిస్తాయి. నాకు మార్కులు చెప్పేది ఆ నోరే కదా!

కనుక వారంలో నాలుగు రోజులు లకారం చెరువు కట్ట మీద మెల్లగా తిరుగుతాను. ఓ రోజు ఖమ్మం ఖిల్లా ఎక్కి దిగుతాను. ఒంటికాలి మీద నిలబడి, మెట్టు అంచున మడమ దించి లేపడం రోజూ ఉంటుంది. చూసేవాళ్ళు ఏదో మొక్కు అనుకుంటున్నారు. ఆదివారం మాత్రం తొలి బస్సెక్కి పాల్వంచలో దిగుతాను. అక్కణ్ణించి భద్రాచలం సుమారు 28 కిలోమీటర్లు.

మార్చి నెలాఖరు. ఇంకా చీకటి. వెనక విద్యుత్ కేంద్రం దీపాలు. పెద్దమ్మ తల్లి గుడి దగ్గర లారీ డ్రైవర్లు బండి ఆపి దణ్ణం పెట్టుకుంటారు, నేనూ పెట్టుకుంటాను. ఆ లారీలు నా మీదకి రాకూడదన్నదే నా కోరిక. సారపాక కాగితం మిల్లుకి జామాయిల్ కర్ర, మణుగూరు వైపు నుంచి బొగ్గు... ఈ రోడ్డుకి నిద్ర లేదు. తారు రోడ్డు నడుమ ఎత్తు, అంచులు పల్లం. అంచున చాలాసేపు పరుగెడితే ఒక కాలు పొట్టిదైనట్టే లెక్క. మడమ వెంటనే ఫిర్యాదు చేస్తుంది. కాబట్టి తారు దిగి మట్టి మీదకి రావాలి. మట్టి మెత్తన, చల్లన. అడవి వాసన కూడా అక్కడే!

టేకు ఆకు రాల్చేసింది. మోదుగు పూత అయిపోవచ్చింది. ఇప్పుడంతా ఇప్ప పువ్వు కాలం. తెల్లవారుజామున రాలిన పువ్వు ఎండెక్కకముందే ఏరాలని కోయ ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని నాకంటే ముందే చెట్ల కింద ఉంటారు. ఓ ముసలమ్మ నన్ను ఆపి నిలేసింది.

‘‘ఎందుకు ఉరుకుతున్నవ్ కొడకా? ఎవలన్న ఎంటబడ్డరా?’’

లేదమ్మా, అలవాటు కోసం అన్నాను.

‘‘కాలీడుస్తున్నవ్ గద. నడువరాదూ!’’

కిలోమీటరు దూరం నుంచి నా ఎడమకాలు చూసేసింది! ఆవిడ వయసు అరవై దాటే ఉంటుంది. చెప్పుల్లేవు. తెల్లారేలోగా ఎన్ని చెట్లు తిరిగిందో, బుట్టతో ఇంటికి ఎంత దూరం నడవాలో ఆవిడకి లెక్కే లేదు.

అరవై అంటే గుర్తొచ్చింది. 1983లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా 875 కిలోమీటర్ల పందెం పెట్టారు. పేరుమోసిన కుర్రాళ్ళ మధ్య 61 ఏళ్ళ క్లిఫ్ యంగ్ అనే బంగాళాదుంపల రైతు వచ్చి నిలబడ్డాడు. పొలంలో గొర్రెల వెనక తిరిగిన అనుభవమే ఆయన డిగ్రీ. పాదం పైకెత్తకుండా ఈడ్చుకుంటూ పరుగెత్తే ఆయన వాలకం చూసి జనం నవ్వారు. మిగతావాళ్ళు పడుకున్నప్పుడు ఆయన తక్కువ పడుకున్నాడు. 5 రోజుల 15 గంటల్లో గెలిచాడు! వచ్చిన పదివేల డాలర్లూ తోటివాళ్ళకి పంచేశాడు. 2013లో అక్కడ టీవీకి ‘క్లిఫీ’ పేరుతో సినిమా కూడా తీశారు. మన దగ్గరైతే ఆ ముసలాయనకి ఓ డ్యూయెట్ పెట్టేవాళ్ళు.

అంతదూరం ఎందుకు? 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఈ గోదావరి అవతలి చర్ల మండలం కుర్రాడే. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థి. పూర్ణ మీద రాహుల్ బోస్ 2017లో హిందీ చిత్రం తీశాడు. ఆనంద్ కథ కూడా తెరకెక్కదగినదే. కథల్లేవని వాపోయే నిర్మాతలు ఓసారి చర్ల బస్సు ఎక్కితే బాగుండును.

ఏడు గంటలకే ఎండ వీపు మీద చెయ్యేస్తుంది. సంచిలో ఉప్పు కలిపిన పల్చటి మజ్జిగ, పల్లీ చిక్కీ. ఒట్టి నీళ్ళు అదేపనిగా తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. ఇరవై నిమిషాలు పరుగు, ఐదు నిమిషాలు నడక. ఇదివరకు నొప్పి పెట్టాక నడిచేవాణ్ణి. ముసలమ్మ మాటయ్యాక నొప్పి రాకముందే నడుస్తున్నాను. విచిత్రమేమిటంటే, మొత్తం సమయం పెద్దగా పెరగలేదు!

ఈ పాల్వంచ పరగణాకే కంచర్ల గోపన్న తహసీల్దారు. నేలకొండపల్లి మనిషి. గుడి కట్టించి గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు ఉన్నాడని కథ. 1964లో నాగయ్యగారు, 2006లో నాగార్జున ఆయన్ని తెర మీద చూపించారు. ఇద్దరూ పాటలతో కంటతడి పెట్టించారు. కానీ ఆయన ఈ అడవిలో ఎలా తిరిగాడు, గుర్రమా, పల్లకీయా, కాలినడకా? రోడ్డు మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. నవమికి ముందు కాలినడకన వచ్చే భక్తులు ఒకరిద్దరు ఎదురైతే ‘జై శ్రీరామ్’ అంటారు. వాళ్ళ కాళ్ళకి బూట్లుండవు. పాదానికి చుట్టిన గుడ్డ మాత్రం ఉంటుంది. నా చూపు మొదట దానిమీదే పడుతుంది!

దారి మధ్యలో నా నొప్పికి రెండు మార్కులు. సారపాకలో మిల్లు పొగ కనిపించేటప్పటికి మూడున్నర. గోదావరి వంతెన మొదట్లో ఆగి లెక్క చూసుకున్నాను. అవతలి ఒడ్డున గుడి. వంతెన దాటితే 28 పూర్తవుతుంది, డైరీలో అందంగా ఉంటుంది. కానీ పందానికి ఇంకా పన్నెండు వారాలుంది. రేపు పొద్దున మంచం దిగాలి. విలేకరి పని కూడా కాళ్ళతోనే చెయ్యాలి.

షేరింగ్ ఆటో కోసం చెయ్యెత్తాను. డ్రైవర్ తమ్ముడు నా బూట్లూ, చెమటా, వీపున సంచీ ఎగాదిగా చూశాడు.

‘‘గుడికా సారూ? ఆటో ఎందుకు, గింత దూరమే గద... నడిచిపో!’’