దాహంతో పూసే తోట

అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో బత్తలపల్లి దాటాక వస్తుంది ముదిగుబ్బ. ఎర్రనేల, రాళ్లగుట్టలు, వేరుశెనగ చేలు. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉందిగానీ వాన మాత్రం పాత అనంతపురం లెక్కే... ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వస్తే! అలాంటిచోట మధ్యమధ్యలో పచ్చగా నిగనిగలాడేవి చీనీ తోటలు. మిగతా తెలుగునాట బత్తాయి అంటారే, అదే.

కొత్తవాళ్లు ఒక్కోసారి ఈ తోటల్ని చూసి కంగారుపడతారు. ఆకులు ముడుచుకుపోయి, కొన్ని రాలిపోయి ఉంటాయి. బోరులో నీళ్లున్నా రైతు పారించడు. పిసినారితనం అనుకునేరు! చెట్టును వాడుకు తేవడమంటే అదే.

కశ్మీర్‌లో యాపిల్ చెట్టుకు ఈ అవస్థ లేదు. చలికాలం రాగానే ఆకు రాల్చి నిద్రపోతుంది. 7 డిగ్రీలలోపు చలి వందల గంటలపాటు తగిలితేనే వసంతంలో సరిగా పూస్తుంది. హిమాచల్‌ప్రదేశ్ రైతు హరిమన్ శర్మ అంత చలి అక్కర్లేని హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకాన్ని తయారుచేశాక, వేడి ప్రాంతాలవాళ్లూ యాపిల్ నాటి చూస్తున్నారు. చీనీ కూడా చల్లటి వాతావరణంలో కొన్నాళ్లు ఎదుగుదల ఆపి పూతకు సిద్ధమవుతుంది. ముదిగుబ్బలో అంత చలెక్కడిది? అందుకే చలి చేసే పనిని ఇక్కడ దాహం చేస్తుంది.

నెలా రెండు నెలలు నీళ్లు ఆపితే కొత్త చిగురు ఆగిపోతుంది. కొమ్మల్లో పిండిపదార్థం నిల్వ అవుతుంది. ఎన్నాళ్లు ఆపాలన్నది నేలను బట్టి ఉంటుంది. తేలిక నేల తొందరగా వాడుతుంది, బరువు నేల ఆలస్యంగా. రోజులు లెక్కపెట్టడం కన్నా ఆకును చూడటమే నయం. ఆకు ముడుచుకుంటే చాలు, కొమ్మ ఎండేదాకా ఆగితే మొదటికే మోసం. తర్వాత పాదులు తవ్వి, ఎరువు వేసి, ముందు పల్చగా, ఆపై పెంచుతూ తడులిస్తారు. చిగురుతోపాటే తెల్లటి పూత... తోటంతా ఘుమఘుమ!

అసలు గండం ఇక్కడే ఉంది. పూత కాయై కోతకొచ్చేదాకా ఎనిమిది, తొమ్మిది నెలలు నీళ్లు కావాలి. మద్దిలేటి మీద యోగి వేమన జలాశయం ఉన్నా చాలా తోటలకు దిక్కు బోరే. వేరుశెనగ ఎండితే ఆ ఏడు పంట పోయినట్టు. చీనీ ఎండితే, తొలి కాపు కోసం నాలుగైదేళ్లు పెంచిన శ్రమ మొత్తం పోతుంది. కరవు ఏళ్లలో జిల్లా రైతులు ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోశారు. అప్పటికీ బతకనివాటిని నరికి కట్టెలకు అమ్ముకున్నారు.

అందుకే తొలి తడి రోజు స్టార్టర్ నొక్కాక రైతు చూసేది చెట్టును కాదు, పైపు మూతిని.