తొందర ఎవలికి?

మా ఇంట్లో ఇంగ్లీషు చదవడం వచ్చింది నా ఒక్కదానికే. నాయన పవర్‌లూమ్ కార్ఖానాలో పని చేస్తాడు. అమ్మ, నాయనమ్మ బీడీలు చుడతారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. తమ్ముడైతే ఒకే మాటలో రెండూ కలిపేస్తాడు. కరెంటు బిల్లు వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా "ఇదేందో చూడు బిడ్డా" అని నా చేతికే ఇస్తారు. అలాంటి నేనే ఒక మెయిల్ చదివి మోసపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా మీకోసం రాస్తున్నా.

బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది. తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల దాకా ఉంటుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేసి రోజూ ఫోన్ చూసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ మెయిల్. పైన పోర్టల్ పేరు, పక్కన మూడు సింహాల బొమ్మ. కింద ఇంగ్లీషులో ఇలా ఉంది: "డియర్ స్టూడెంట్, మీకు 50,000 రూపాయలు మంజూరయ్యాయి. ఆరు గంటల్లోపు 499 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు కట్టకపోతే మీ పేరు రద్దవుతుంది. ఈ విషయం ఎవరికీ చెప్పవద్దు."

అమ్మ ఫోన్‌లోంచి కట్టేశాను. 499 అంటే అమ్మ రెండు రోజులు చుట్టిన బీడీల కూలికంటే ఎక్కువే. అమ్మకు చెప్పలేదు. డబ్బు పడ్డాక ఒకేసారి చూపించి సంతోషపెడదామనుకున్నా.

మర్నాడు ఇంకో మెయిల్. ఈసారి టాక్స్ అని 1,999 అడిగారు, ఏటీఎం కార్డు ఫోటో కూడా పంపమన్నారు. నాకు అనుమానం రాకపోలేదు. కానీ ఇది కట్టకపోతే ముందు కట్టిన 499 కూడా పోతుందేమో అనిపించింది. మూడో రోజు నాయనమ్మ దగ్గరికి పోయి రెండు వేలు అడిగాను.

ఆమెకు ఏ భాషలోనూ చదవడం రాదు. ఎందుకని అడిగింది, చెప్పాను. "నిన్ను పేరు పెట్టి పిలిచిండ్రా? నీ సోపతులకెవలకన్న వచ్చిందా?" అంది. లేదన్నాను. అప్పుడు చేట పక్కన పెట్టి అంది: "మనకు గీ ఇల్లు ఎట్లొచ్చింది, ఎరుకేనా?"

కుంభారిలో ఉండేవాళ్ళకు ఆ కథ తెలుసు. గోదుతాయి పరులేకర్ పేరు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళకు పదివేల ఇళ్ళు కట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. దానికి ముందు ఆడం మాస్టర్ వెంట ఎన్నేళ్ళు మోర్చాలు తీశారో నాయనమ్మ వేళ్ళ మీద లెక్క చెప్తుంది. ఆ తర్వాత కుంభారిలోనే రే నగర్ వచ్చింది. 2024 జనవరిలో ప్రధాని మోదీ అక్కడ 15,000 ఇళ్ళు అప్పగించారు. దాని వెనకాలా ఏళ్ళ తరబడి తిరుగుడే.

"నలుగుర్ల నిలబెట్టి పేరు పిలిచి ఇచ్చిండ్రు. పైసలు కడితే రసీదు ఇచ్చిండ్రు. ఇచ్చేటోడు తొందర చెయ్యడే పిల్లా. తొందర ఎవలికి? గుంజుకునేటోనికి."

ఆ మాట విన్నాక మెయిల్ మళ్ళీ తెరిచాను. మూడు రోజులుగా నా కళ్ళ ముందే ఉన్నవి అప్పుడు కనిపించాయి. ఆ పథకంలో ఎక్కువలో ఎక్కువ 25,000 అయితే వీళ్ళు 50,000 ఎలా ఇస్తారు? ఆ పోర్టల్‌లో అప్లై చేయడానికి ఫీజే లేదు. పంపినవారి పేరు మీద నొక్కితే వెనకాల ఉన్నది మామూలు జీమెయిల్ అడ్రసు. మెయిల్లో కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు.

ఇక లింకు. అందులో మొదట "స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్" అనే ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. దాని తర్వాత ఇంకో చుక్క, ఇంకేదో పేరు, చివర డాట్ కామ్. మన సోలాపూర్ చద్దరు అంచులో తయారుచేసినవారి పేరు నేసి ఉంటుంది కదా. నాయన చద్దరు చేతికి తీసుకుంటే పువ్వుల కంటే ముందు అంచు చూస్తాడు. లింకు కూడా అట్లే చూడాలి. మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందు, చివర ఏముందో అదే అసలు అడ్రసు. ప్రభుత్వానిదైతే అక్కడ సాధారణంగా గవ్ డాట్ ఇన్ లేదా నిక్ డాట్ ఇన్ ఉంటుంది. బ్యాంకులు కూడా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025లో చెప్పింది.

1930కి ఫోన్ చేశాను. సైబర్ మోసాలకు దేశమంతటికీ అదే నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు రాయొచ్చు. వెంటనే చెప్తే డబ్బు ఇంకో ఖాతాకు జారకముందే ఆపే వీలుంటుంది. నేను మూడు రోజులు దాచాను. నా 499 తిరిగి రాలేదు. కట్టడం మొదటి తప్పయితే, దాచడం రెండోది. "ఎవరికీ చెప్పవద్దు" అని దొంగ రాస్తే అక్షరాలా పాటించాను.

మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా చదవడం వచ్చిన మనిషి మీరొక్కరే అని నాకు తెలుసు. తొందర పెట్టే మెయిల్ ఏది వచ్చినా ఒక పూట ఆగండి, ఇంకొకరికి చూపించండి. ఎవరూ దొరక్కపోతే నన్ను పిలవండి, ఇద్దరం కూర్చుని చదువుదాం. ఇప్పటికే కట్టేసి ఉంటే ఈరోజే చెప్పండి.

అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. తిట్టలేదు. ఆ రాత్రి మాత్రం రోజూ కంటే చాలాసేపు చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని కట్టలు కట్టాను. వారం తర్వాత కరెంటు బిల్లు వచ్చింది. నా చేతికే ఇచ్చి, "ఇదేందో చూడు బిడ్డా" అంది.