గవర్నమెంటు లాయరు మన లాయరు కాదా?

మాది పులివెందుల పక్క పల్లె, ఎరుకల కుటుంబం. ఇంటర్ జమ్మలమడుగులో చేసి, ఇప్పుడు ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

మాకు రెండెకరాల డీకేటీ పట్టా ఉంది. రికార్డుల్లో వేరేవాళ్ల పేరు ఎక్కితే నాయన కోర్టుకు పోయినాడు. పోయిన వాయిదాకు నేనూ తోడు పోయినా. నల్లకోటు ఆయన ఒకాయన లేచి, ప్రభుత్వం తరఫున అంటూ మాకు ఎదురుగా మాట్లాడినాడు. బయట టీ తాగుతా నాయన అడిగినాడు: "ఓట్లేసింది మనమే కదరా, గవర్నమెంటు లాయరు మన లాయరు కాదా?"

జవాబు తెలీక హాస్టల్‌కు వచ్చినాక రాజ్యాంగం పుస్తకం తీసినా. రాష్ట్రానికి పెద్ద లాయరు అడ్వకేట్ జనరల్. 165వ అధికరణం ప్రకారం గవర్నర్ నియమిస్తాడు, హైకోర్టు జడ్జి అయ్యే అర్హత ఉండాల. 177 ప్రకారం అసెంబ్లీలో మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. నాకు నవ్వొచ్చింది. మా నాయనకు ఓటుంది, మాట్లాడనిచ్చేవాళ్లే లేరు.

అట్లా చదువుతా పోతే అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరు దొరికింది. 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో గుడి పూజారి ఇంట పుట్టినాడు. 1929 నుంచి 1944 దాకా, 15 ఏండ్లు, మద్రాసు రాష్ట్రానికి అడ్వకేట్ జనరల్. మన కడప జిల్లా అప్పుడు మద్రాసు కిందే. అంటే మన తాతల కాలంలో గవర్నమెంటు పెద్ద లాయరు ఆయనే.

ఆ కాలం మాట వస్తే మా జేజి వేరే కథ చెప్తుంది. వాళ్ల నాయన రాత్రయితే పోలీస్‌స్టేషన్‌కు పోయి హాజరు వేయించుకోవాల్సిందే. నేర జాతుల చట్టం అది, ఎరుకలోళ్లంటే పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన చట్టం. మద్రాసులో 1947లో గానీ పోలేదు. అల్లాడి ఆ కేసులు వాదించినాడని నేను అనడం లేదు. కానీ ఆ చట్టం ఉన్న సర్కారుకే ఆయన లాయరు.

తర్వాత అదే మనిషి రాజ్యాంగం ముసాయిదా కమిటీలోని ఏడుగురిలో ఒకడైనాడు. కమిటీలో తనకంటే సమర్థులున్నారని చెబుతా 1949 నవంబరులో అంబేద్కర్ ఎత్తిన పేరు ఈయనదే. చదువు, ఆస్తి చూడకుండా అందరికీ ఓటు ఉండాలన్న దాన్ని అల్లాడి సభలో గట్టిగా సమర్థించినాడు. మా జేజికి వేలిముద్రే, అయినా ఓటుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండు రోజులకు, 1953 అక్టోబరు 3న, ఆయన పోయినాడు.

ఆయన్ని మెచ్చుకోవాలో కోప్పడాలో నాకు తేలలేదు. తెలివి ఒకటే, నిలబడిన పక్కలు మాత్రం రెండు.

డిగ్రీ అయినాక లాసెట్ రాద్దామనుకుంటున్నా. నాయనతో చెప్తే, "గవర్నమెంటు ఉద్యోగం ఇస్తే నువ్వూ ఆ పక్కనే నిలబడతావా?" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వచ్చే నెల మళ్లీ వాయిదా ఉంది. గ్రూపులో లా చదివే అన్నలెవరైనా ఉంటే, డీకేటీ కేసుకు ఏ కాగితాలు ముందు తీయించాలో చెప్పండి.