రుఖ్

అబ్బా బర్సీ రోజు ఫాతెహా అయినంక ఊద్‌దాన్ పట్టుకొని సహన్‌లోకి వచ్చింది నేనే. లోబాన్ పొగ తిప్పుతుంటే ఒక నిప్పు కణిక జారి ఘాస్ మీద పడ్డది. నిజం గరికైతే చుర్రుమని కమిలి, నాలుగు వానలకు మళ్లీ మొలిచేది. మాది ప్లాస్టిక్ ఘాస్. అరచేయంత మేర కరిగి నల్లగా గడ్డకట్టింది.

రియాద్ నుంచి భాయీజాన్ పైసలు పంపి వేయించిన ఘాస్ అది. ఎండాకాలం సిద్దిపేటలో బోర్లు ఎట్ల సతాయిస్తయో ఆయనకు యాద్ ఉంది. నీళ్లు పోసే పని లేదు, కోసే పని లేదు, పన్నెండు నెలలూ హరియాలీ అన్నడు. దానికోసం గరిక తవ్వేసినం. అమ్మీ పెంచుకున్న చమేలీ తీగ కూడా పోయింది. అమ్మీ ఏమీ అనలేదు. సహన్‌లోకి దిగుడు మానేసింది, అంతే. అసర్ నమాజ్ అయినంక తస్బీ పట్టుకొని గడప మీదనే కూర్చునేది. దిగు అమ్మీ అంటే, "నక్కో బేటా. ఉస్మే జాన్ నహీ" అనేది.

పేపరోన్ని కదా, ఈ నకిలీ ఘాస్ నసబ్ ఏందో అప్పుడే తవ్వి చూసిన. అమెరికాలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ అనే స్టేడియం ఉంది. పైకప్పు పలకల మెరుపుకు బంతి కనపడ్తలేదని వాటికి రంగు పూసిన్రు. ఎండ అందక లోపలి గడ్డి చచ్చిపోయింది. 1966లో మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన ప్లాస్టిక్ గడ్డి పరిచిన్రు. ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు అట్ల వచ్చింది. పదేండ్లకు, 1976 మాంట్రియల్‌లో, ఒలింపిక్స్ హాకీ మొదటిసారి దాని మీద ఆడిన్రు. 1928 నుంచి ఏదో ఒక మెడల్ లేకుండా ఇంటికి రాని మన టీం ఏడో స్థానంలో నిలిచింది. అబ్బాకు హాకీ అంటే జాన్. ఆ ముచ్చట వస్తే చాలు, ఓడింది మనోళ్లు కాదు, ఘాస్ మారింది అని వాదించేవారు. ఆయన ఇంటి సహన్‌లోకే ఆ ఘాస్ వచ్చింది. చూడకుండనే పోయిన్రు.

సరే, కాలిన జాగా. దుకాణం నుంచి ఒక పిల్లగాడు వచ్చి, నల్లటి ముక్క కోసి, కొత్త ముక్క అతికించి, పైసలు తీసుకొని పోయిండు. దగ్గర నుంచి చూస్తే బాగానే ఉంది. గడప మీద నుంచి అమ్మీ అన్నది: "రుఖ్ ఉల్టా హై."

అమ్మీ నలభై ఏండ్లు ఉషా మిషన్ మీద మందికి బట్టలు కుట్టింది. మఖ్మల్‌కు రుఖ్ ఉంటది, రువా ఒక దిక్కే వాలుతది, ఒక్క ముక్క తలకిందులైతే పెండ్లిజోడా మొత్తం మరకపడ్డట్టు కనపడతది అని చిన్నప్పుడు మాకు చెప్పేది. ఈ ఘాస్ కూడా అంతే. పోచలన్నీ ఒకే దిక్కు వాలి ఉంటయి. ఉల్టా అతికిస్తే వెలుగు వేరేగా పడి రంగే మారిపోతది. పైగా అది కొత్త చుట్ట ముక్క, మాదేమో ఎండకు వెలిసిన ఘాస్.

నేను ఊరుకుందామన్న. అమ్మీ ఊరుకోలేదు. కొంగు దోపుకొని దిగింది. అన్ని రోజుల తర్వాత, ఉత్త కాళ్లతో.

చెప్పుల స్టాండ్ పక్కన, అంతే ఎండ తిన్న మూల నుంచి ముక్క తీయమన్నది. కట్టర్ బ్లేడుతో పైనుంచి కోస్తే పోచలు తెగుతయి. తిరగేసి, వెనుక కుట్టు వరసల నడుమ నుంచి కోయాలె. ముందు పోచల్లోని ఇసుక దులుపుకోవాలె. అతుకు కింద జాయినింగ్ టేపు, దాని మీద గమ్ము పలచగా. ఎక్కువైతే పైకి ఉబికి పోచలను అంటుకుంటది. ముక్క పెట్టే ముందు అమ్మీ అరచేత్తో నిమిరి రుఖ్ చూసింది, చాక్‌పీసుతో వెనుక బాణం గుర్తు వేసింది. పైన నాలుగు ఇటుకలు పెట్టి ఒక రోజంతా వదిలేసినం. తర్వాత ఇసుక మళ్లీ చల్లినం. ఇసుకే పోచలను నిలబెడతది. "పైవంద్" అన్నది అమ్మీ. బట్టకు వేసే అతుకూ పైవందే, చెట్టుకు కట్టే అంటూ పైవందే. ఉర్దూ స్కూల్లో 'మరమ్మత్' అని రాసినోన్ని, డిగ్రీలో అదే మాటను 'మరమ్మత్తు' అని రాసినోన్ని. ఆ రోజు చేసింది మాత్రం బ్లేడు అందించుడే.

ఇప్పుడు చాకిరీ అంతా అమ్మీదే. వారానికోసారి గట్టి చీపురుతో రుఖ్‌కు ఎదురు ఊడుస్తది, పడుకున్న పోచలు లేస్తయని. బక్రీద్‌కు తెచ్చిన మేక తడిపితే వెంటనే నీళ్లు కొట్టి, సిర్కా కలిపిన నీళ్లు చల్లి, మళ్లీ కడగమంటది. సిగ్డీ, ఊద్‌దాన్ రెండూ బంద్. మే నెల మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టలేం, కాలిపోతది. ఆ ఒక్కటి మాత్రం భాయీజాన్ చెప్పలేదు.

మొన్న వీడియో కాల్‌లో భాయీజాన్ కాలిన జాగా ఎక్కడ అని అడిగిండు. నేను చూపించబోయి వెతుక్కున్న. ఆయనకు చెప్పుల స్టాండ్ పక్కన బోడి మన్ను కనపడ్డది, అందులో అమ్మీ గుచ్చిన చమేలీ కొమ్మ కూడా. "అక్కడెందుకు నింపలేదు?" అన్నడు.

"ఆ ముక్క పైవంద్‌కు పోయింది బేటా" అన్నది అమ్మీ, ఫోన్ నా చేతిలో పెట్టి చెంబుకోసం పోతూ.