సిద్దెలో నూనె

మా పాఠశాల వాను వైద్యశిబిరములకును, బాలుర సంచారములకును మైపాడు, తూపిలిపాలెము, జువ్వలదిన్నె మొదలగు సముద్రతీరగ్రామములకు పోవుచుండును. రాత్రులయందు కొందరము దానిలోనే పండుకొనవలసివచ్చును. కావున దీపములకును, మందుల శీతలపేటికకును విద్యుత్తు నిచ్చు చిన్న జనరేటరొకటి కొనవలెనని నిశ్చయమై, అది పెట్రోలుతో నడుచునది కావలెనా, డీజిలుతోనా, గ్యాసుతోనా యను విచారణ నాకు అప్పగింపబడెను. అంగడివారి నడిగి తేల్చుకొనదగిన స్వల్పకార్యమని మొదట తలంచితిని. కాని 2021 నవంబరునాటి రాత్రి యొకటి జ్ఞప్తికి వచ్చి నా తలంపును మార్చెను.

ఆ నెలలో పెన్నానది పొంగి, పడుగుపాడువద్ద రైలుకట్ట తెగెను. పల్లపు వీథుల కుటుంబములు కొన్ని మా పాఠశాలలో తలదాచుకొనెను. వారిలో ఆయాసముతో బాధపడు పసివాడొకడుండెను. వానికి మందును ఆవిరిగా నిచ్చు యంత్రము విద్యుత్తు లేనిదే పనిచేయదు. మేము అడిగి తెచ్చిన పెట్రోలు జనరేటరు అర్ధరాత్రికి ఆగిపోయెను. డబ్బాలో చుక్క లేదు. సమీపపు బంకులో నేలక్రింద పెట్రోలు నిండుగా నుండినను, దానిని పైకి తోడుటకు కరెంటు లేదు. సహాయమునకు వచ్చిన పడవవాడొకడు జాలిపడి తన డీజిలు డబ్బా నియ్యబోయెను గాని, అది పెట్రోలు యంత్రమునకు పనికిరాదు గదా! తుదకు ఆవరణములో మోటారుసైకిళ్లు నిలిపినవారు తమ ట్యాంకులనుండి కొంచెముకొంచెముగా తీసి యిచ్చిరి. పసివాడు తెల్లవారువరకు ఊపిరి తీసికొనగలిగెను.

ఆ రాత్రియే నేనొక తప్పు చేసితిని. వాన తగులునని జనరేటరును వసారాలోనికి జరిపించితిని. గంట గడువకమునుపే ప్రక్కగదిలోని పిల్లలు తలనొప్పియనియు, వాంతియనియు మొరపెట్టిరి. వాసనయు రంగును లేని కార్బన్ మోనాక్సైడు కిటికీగుండ లోనికి పోవుచున్నదని, తరగతిలో ఆ పాఠము చెప్పు నాకే తోచలేదు. “అయ్యవారూ, ఆ మిషను కాడ్నించే ఈ బాధ, దూరంగా పెట్టించండయ్యా” అని ఒక తల్లి చెప్పినపుడుగాని నాకు తెలివి రాలేదు. పిల్లలను వెలుపలికి తెచ్చితిమి. దేవుని కృపచేత అందరును తేరుకొనిరి.

ఇక ఇంధనముల గుణదోషములు. గ్యాసు నిలువయుంచినను చెడదు, శుభ్రముగా మండును. అయితే 14.2 కిలోల వంటయింటి సిలిండరును ఇట్టి పనికి వాడుట చట్టవిరుద్ధము. మరియు గ్యాసు గాలికంటె బరువైనది గనుక, కారినచో వాను అడుగున, పండుకొనువారి ప్రక్కనే నిలుచును. డీజిలు పెట్రోలువలె సుళువుగా అంటుకొనదు. మరపడవలు దానితో నడుచును గనుక రేవులలో దొరకును. కాని ఆ జనరేటరు మిక్కిలి బరువు, శబ్దమును ఎక్కువ. చిన్న పెట్రోలు జనరేటరును ఒక్క మనిషి యెత్తి దింపగలడు. పెట్రోలు ఆవిరి త్వరగా అంటుకొనుటయు, ఇప్పుడు దానిలో 20 శాతమువరకు కలుపు ఇథనాలు తేమను పీల్చుటయు దాని లోపములు.

అయినను నేను పెట్రోలునే కోరితిని. ఆపత్కాలమున మన యిరుగుపొరుగువారియొద్ద ఏది యుండునో అదియే మనకు మంచి నూనె. మేము పోవు పల్లెలలో మోటారుసైకిలు లేని వీథి యొక్కటియు నేను చూడలేదు.

దానితోకూడ కొన్ని నియమములు వ్రాసి యిచ్చితిని. లైసెన్సు లేకుండ 30 లీటర్లవరకు ఉంచుకొనుటకు చట్టము ఒప్పుకొనినను, మాకు 10 లీటర్లు చాలును. డబ్బాపై తేది వ్రాసి, నెలకొకసారి వాడి క్రొత్తది నింపవలెను. ఎవరైనను పండుకొనియున్న వానులో డబ్బా నుంచరాదు. యంత్రము చల్లారిన పిమ్మటనే పెట్రోలు పోయవలెను. యంత్రమును వానుకు 20 అడుగుల దూరమున, పొగ అవతలికి పోవునట్లు పెట్టవలెను. ఏ ఇంధనమైనను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

ప్రియ విద్యార్థులారా, ప్రభువు చెప్పిన ఉపమానములో బుద్ధిగల కన్యకలు తమ నూనెను పంచి యియ్యలేకపోయిరి. ఆ వరదరాత్రి మా పొరుగువారు పంచి యిచ్చిరి, వారికి కృతజ్ఞులము. అయినను మరియొక రాత్రి వారి ట్యాంకులును వట్టివై యుండవచ్చును. తెల్లవారకముందే మన సిద్దె నింపుకొనుట మన పని.