తంగేడు నిర్దోషి

ప్రొద్దుటూరులో చదువుకొనే మా మిత్రబృందంలో జమ్మలమడుగు వారున్నారు, పులివెందుల వారున్నారు. సెలవులలో ఒకరి ఇంటికి ఒకరము పోవడం మాకు ఆనవాయితీ. ఒక వర్షాకాలంలో జమ్మలమడుగు మిత్రుని ఇంటికి పోయినప్పుడు, బర్రెలకు గడ్డి కోసి తెచ్చే ఆయన తల్లిగారి చేతులు, మెడ దద్దురులతో ఎఱ్ఱబారి ఉండడం చూచి నొచ్చుకొన్నాము. దురదతో ఆమెకు రాత్రులు నిద్ర లేదు.

వారి చేనిగట్టున తంగేడు పసుపుపచ్చగా విరగబూచి ఉంది. కంటికి కనబడినదే కారణమని తలచి, ఆ పొదలన్నింటిని నరికివేసి, ఘనకార్యం చేశామని పొంగిపోయాము.

దద్దురులు తగ్గలేదు. మరుసటి ఏటి వానలకు తంగేడున్న చోట మోకాలెత్తు మొక్కలు కమ్ముకొన్నాయి. ఆకు క్యారెట్ ఆకువలె చీలికలు చీలికలు. కొమ్మల చివర చిన్న చిన్న తెల్లని పూలగుత్తులు. రెమ్మ చూపగానే వైద్యుడు “ఇదే మీ శత్రువు” అన్నారు. అది వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అన్నా, మా మిత్రుని ఇంటిలో వలె గాజర్ ఘాస్ అన్నా అదే. శాస్త్రనామం పార్థీనియం హిస్టెరోఫోరస్.

అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు దీని పుట్టిల్లు. మన దేశంలో 1955లో పూనాలో గుర్తింపబడింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని ప్రతీతి. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనాలను రాల్చుతుంది. దీనిలోని పార్థినిన్ మన చర్మానికి దద్దురులను, ఇరుగుపొరుగు మొలకలకు ఎదుగులేమిని కలిగిస్తుంది. గాలిలో లేచిన పుప్పొడి తుమ్ములను, ఆయాసాన్ని తెస్తుంది. గడ్డిలో కలిసి వచ్చిన ఈ మొక్కనే ఆ తల్లి దినమూ చేత పట్టింది.

మరి తంగేడో? దాని పుప్పొడి గాలికి ఎగరదు. తుమ్మెదలు వచ్చి దులుపుకొని పోవలసినదే. పైగా తంగేడు, తగిరిస, వెంపలి దట్టంగా ఉన్నచోట వయ్యారిభామ తేలికగా తల ఎత్తలేదు. బోసినేల, త్రవ్వి వదలిన బాటప్రక్కలు దానికి ప్రియం. కావలివానిని చంపి దొంగకు తలుపు తీసినవారము మేమే!

దీని ఆకులను తినే పెంకుపురుగును 1983లో మెక్సికో నుండి బెంగుళూరుకు తెప్పించారు. అది వానకాలంలో కొంత సాయపడుతుంది; తక్కిన పని మనదే. మేము ఆ తల్లికి తప్పు ఒప్పుకొని, చేతులకు గుడ్డలు చుట్టుకొని, పూత రాకమునుపే మొక్కలను వేళ్ళతో పెరికి, ఆ గట్టున తగిరిస విత్తనాలు చల్లాము. ఆమె “పోనీలే నాయనా, మొక్కను గుర్తుపట్టారు, అదే చాలు” అన్నారు.

ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సులో కిటికీ ప్రక్కన కూర్చొన్నప్పుడు, నేడు మా చూపు పసుపు పూలను దాటి, వాటి క్రింద ఒదిగిన తెల్ల పూలను వెదకుతుంది. మిత్రులారా, దోషిని ఎరుగక శిక్ష వేయరాదని మాకు ఏ పుస్తకమో కాదు, ఒక చేనిగట్టు నేర్పింది.